బహిష్కరణ బోర్డు నుంచి గ్యాస్ గది దాకా: 1933-1942 మధ్య జర్మనీలో ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "1933లో యూదుల దుకాణాల ముందు 'ఇక్కడ కొనొద్దు' అని బోర్డులు పట్టుకుని నిలబడ్డారు. 1942కల్లా రైళ్లలో తీసుకెళ్లి చంపుతున్నారు. ఈ తొమ్మిదేళ్లలో ఏం జరిగింది? హిట్లర్ మొదటి రోజు నుంచే ఈ పథకం వేసుకున్నాడా? ఇంత పెద్ద పని మామూలు గుమస్తాలు, పోలీసులు, రైల్వేవాళ్లు ఎలా చేయగలిగారు?"

సూటిగా చెప్పాలంటే, మొదటి రోజే గీసి పెట్టుకున్న నక్ష ఏదీ లేదు. ద్వేషం మొదటి నుంచీ ఉంది. యూదులు లేని జర్మనీ కావాలన్న కోరికా ఉంది. అయితే "లేకుండా చేయడం" అంటే 1933లో ఉద్యోగాల్లోంచి తీసేయడం, 1938లో దేశం నుంచి వెళ్లగొట్టడం, 1940లో ఎక్కడో ఒక మూలకు తోసేయడం, 1941 వేసవి తర్వాత చంపడం. ప్రతి మెట్టూ తర్వాతి మెట్టుకు కావాల్సిన జాబితాలు, కార్యాలయాలు, మనుషులు సిద్ధం చేసి పెట్టింది. అంతటితో ఆగక కొత్త "సమస్య"ను కూడా పుట్టించింది. ఆ సమస్యకు పరిష్కారం పేరుతో తర్వాతి మెట్టు. అసలు మలుపు ఎక్కడంటే 1941 జూన్‌కీ డిసెంబరుకీ మధ్య. ఆ ఆరు నెలల గురించే ఎక్కువ రాస్తాను. కానీ అంతకు ముందు కాగితాల పని తెలియకపోతే అది అర్థం కాదు.

యూదుడంటే ఎవరు? ముందు అది తేల్చాలి

1933 నాటికి జర్మనీలో యూదులు సుమారు 5 లక్షలు. జనాభాలో నూటికి ఒక్కరు కూడా కారు. జర్మన్ మాట్లాడేవాళ్లు, ఎక్కువగా పట్టణాల్లో ఉండేవాళ్లు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యంలో పోరాడినవాళ్లు చాలామంది. వీధిలో చూసి పక్కింటివాడికీ వీళ్లకీ తేడా చెప్పలేరు. కాబట్టి ఏ చట్టం చేయాలన్నా ముందు నిర్వచనం కావాలి.

ఏప్రిల్ 1న జరిపిన దుకాణాల బహిష్కరణ ఒక్కరోజుతో సరిపెట్టేశారు. జనం అనుకున్నంత ఊపు చూపలేదు. నిలిచింది వారం తిరక్కుండా ఏప్రిల్ 7న వచ్చిన సివిల్ సర్వీసు చట్టం. "ఆర్యులు కాని" ప్రభుత్వోద్యోగులను ఇంటికి పంపాలంది. ఆర్యులు కానివారు ఎవరన్నది ఏప్రిల్ 11 నాటి ఉత్తర్వు చెప్పింది: తాతలు, నానమ్మ, అమ్మమ్మ, ఈ నలుగురిలో ఒక్కరు యూదులైనా చాలు. అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ పట్టుబట్టడంతో యుద్ధంలో ముందు వరసలో పోరాడినవాళ్లకు, 1914 ఆగస్టు నుంచే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు మినహాయింపు ఇచ్చారు. న్యాయవాదులకూ ఇలాంటి మినహాయింపే వర్తించింది. తీరా లెక్క చూస్తే యూదు న్యాయవాదుల్లో దాదాపు 70 శాతం మంది వృత్తిలో మిగిలిపోయారు! యూదులు యుద్ధం ఎగ్గొట్టారని ఏళ్ల తరబడి తాము చేసిన ప్రచారాన్ని తామే నమ్మినందుకు నాజీలకు తగిలిన దెబ్బ అది. హిండెన్‌బర్గ్ 1934 ఆగస్టులో చనిపోయాడు. 1935 ఆఖరుకల్లా మిగిలిన ఉద్యోగులనూ తీసేశారు.

1935 సెప్టెంబరు 15 నాటి న్యూరెంబర్గ్ చట్టాల కథ ఇంకా విచిత్రం. పార్టీ మహాసభ జరుగుతుండగా హోం శాఖలో యూదు వ్యవహారాలు చూసే అధికారి లోసెనర్‌ను హడావుడిగా పిలిపించి ముసాయిదా రాయమన్నారు. పెళ్లిళ్ల నిషేధంపై నాలుగు పాఠాలు తయారయ్యాయి. వాటిలో మెత్తనిది హిట్లర్ ఎంచుకున్నాడనీ, అందులో "పూర్తి యూదులకు మాత్రమే వర్తిస్తుంది" అన్న వాక్యాన్ని తన చేత్తో కొట్టేశాడనీ లోసెనర్ తర్వాత రాశాడు. అంటే చట్టం వచ్చింది, అది ఎవరికి వర్తిస్తుందో మాత్రం రాలేదు. పార్టీకీ హోం శాఖకూ రెండు నెలలు బేరాలు నడిచాక నవంబరు 14న అనుబంధ ఉత్తర్వు వచ్చింది. నలుగురిలో ముగ్గురు యూదులైతే నువ్వు యూదుడివి. ఇద్దరైతే "మిశ్రమం", అదీ యూదు మతసంఘంలో సభ్యత్వం లేకపోతే, యూదుల్ని పెళ్లాడకపోతేనే. ఒక్కరైతే రెండో తరగతి మిశ్రమం.

మరి ఆ తాత యూదుడో కాదో ఎలా తెలుస్తుంది? యూదు మతసంఘం రిజిస్టరులో ఆయన పేరుంటే చాలు, ఇంక విచారణ అక్కర్లేదని ఆ ఉత్తర్వే చెప్పింది. ఊరంతా రక్తం, జాతి అని చాటింపు వేశారు. ఆఫీసులో తిప్పింది మాత్రం ప్రార్థనామందిరాల పాత రిజిస్టర్లు. తాము ఆర్యులమని రుజువు చేసుకోవడానికి జర్మన్లంతా చర్చీలకు వెళ్లి తాతల బాప్టిజం నకళ్లు తెచ్చుకున్నారు. పాస్టర్లు ఆ నకళ్లు రాసిచ్చారు. ఎవరినీ కొట్టకుండా, ఒక్క అద్దం పగలకుండా దేశం మొత్తాన్ని రెండుగా విడగొట్టిన పని ఇది. ఈ చట్టాల పని నడిపిన హోం శాఖ ఉన్నతాధికారి స్టుకార్ట్ పేరు గుర్తుపెట్టుకోండి, 1942లో మళ్లీ కనిపిస్తాడు.

ఆస్తి దోచుకోవడం, దేశం నుంచి తరమడం: రెండూ ఒకదానికొకటి అడ్డం

ప్రభుత్వానికి యూదులు వెళ్లిపోవాలి, వాళ్ల డబ్బు మాత్రం ఉండిపోవాలి. ఇక్కడే ముడి పడింది. దేశం విడిచి వెళ్లేవాళ్లపై పన్ను 1931లోనే, నాజీలు రాకముందే ఉంది. సంపన్నులు డబ్బు బయటికి తరలించకుండా పెట్టింది అది, ఆస్తిలో పాతిక శాతం. నాజీలు దాని పరిమితిని 2 లక్షల మార్కుల (జర్మన్ కరెన్సీ) నుంచి 50 వేలకు దించి యూదులపై తిప్పారు. మిగిలిన డబ్బు స్తంభింపజేసిన ఖాతాలోకి పోతుంది. దాన్ని విదేశీ డబ్బుగా మార్చుకుంటే 1939 నాటికి నూటికి నాలుగు మార్కులు చేతికొచ్చేవి. జేబులో తీసుకెళ్లనిచ్చేది 10 మార్కులు. చేతిలో చిల్లిగవ్వ లేని మనిషికి వీసా ఏ దేశం ఇస్తుంది? 1938 జులైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు కూర్చున్నాయి. సానుభూతి తీర్మానాలకు కొదవ లేదు. పెద్ద సంఖ్యలో తీసుకుంటామన్నది డొమినికన్ రిపబ్లిక్ ఒక్కటే.

1938లో వేగం మారింది. మార్చిలో ఆస్ట్రియాను కలిపేసుకున్నారు, దాంతో మరో రెండు లక్షల దాకా యూదులు లెక్కలోకి వచ్చారు. ఏప్రిల్ 26న 5,000 మార్కులు దాటిన ఆస్తి ఉన్న ప్రతి యూదుడూ దాన్ని రాసివ్వాలని ఉత్తర్వు. ఆగస్టులో ఎస్.ఎస్. (నాజీ పార్టీ సొంత సాయుధ దళం) అధికారి ఐఖ్‌మన్ ఆస్ట్రియా రాజధాని వియన్నాలో వలస కార్యాలయం తెరిచాడు. పన్ను, పోలీసు, పాస్‌పోర్టు బల్లలన్నీ ఒకే భవనంలో. ఇటువైపు నుంచి ఆస్తిపరుడు లోపలికి వెళ్తే అటువైపు నుంచి పాస్‌పోర్టు తప్ప ఏమీ లేని మనిషి బయటికి వస్తాడు. అదే నెలలో పేర్ల ఉత్తర్వు వచ్చింది: యూదు అని ఇట్టే తెలిసే పేరు లేని మగవాళ్లు "ఇజ్రాయెల్", ఆడవాళ్లు "సారా" అని పేరుకు చేర్చుకోవాలి. అక్టోబరులో పాస్‌పోర్టులపై యూదు అని తెలిపే ముద్ర.

నవంబరు 9-10 రాత్రి దేశమంతటా యూదులపై జరిగిన దాడుల (క్రిస్టల్‌నాహ్ట్) గురించి చాలామందికి తెలుసు కాబట్టి పొడిగించను. 1,400కు పైగా ప్రార్థనామందిరాలు తగలబెట్టారు లేదా ధ్వంసం చేశారు, సుమారు 7,500 దుకాణాలు పగలగొట్టారు. దాదాపు 30,000 మంది మగవాళ్లను డాకావ్, బుకెన్‌వాల్డ్, సాక్సెన్‌హౌసెన్ శిబిరాలకు పంపారు. అధికారిక లెక్కలో చనిపోయినవారు 91, అసలు సంఖ్య ఇంతకంటే చాలా ఎక్కువ. నేను చూడమనేది రెండు రోజుల తర్వాత, నవంబరు 12న ఆర్థిక వ్యవహారాలు నడిపే నాజీ నాయకుడు గోరింగ్ పెట్టిన సమావేశం. ఆయన మండిపడ్డది ప్రాణాలు పోయినందుకు కాదు. ఇంత సొత్తు పాడుచేసే బదులు ఇంకో 200 మందిని చంపి ఉండాల్సిందన్నాడు. బీమా కంపెనీలు చెల్లించాల్సిన డబ్బు ప్రభుత్వం జప్తు చేసుకుంది. పైగా యూదులందరిపై ఉమ్మడిగా 100 కోట్ల మార్కుల జరిమానా. ఎవరెంత కట్టాలో ఎలా తేల్చారు? ఏప్రిల్‌లో రాయించుకున్న ఆస్తి పత్రాలు బీరువాలోనే ఉన్నాయి. వాటిమీద 20 శాతం, తర్వాత ఇంకో 5 శాతం. ఒక మెట్టులో సేకరించిన కాగితం తర్వాతి మెట్టుకు ఎలా పనికొస్తుందో చూడాలంటే ఇంతకు మించిన ఉదాహరణ లేదు. ఆస్తి రాసిచ్చినవాళ్లు చట్టాన్ని గౌరవించే రాసిచ్చారు.

యుద్ధం మొదలయ్యేలోపు జర్మనీ నుంచి సుమారు 2,82,000 మంది, ఆస్ట్రియా నుంచి 1,17,000 మంది బయటపడగలిగారు. ఉండిపోయినవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, పేదలు, ఆడవాళ్లు.

యుద్ధంతో లెక్క తలకిందులైంది

ఆరేళ్లు కష్టపడి నాలుగు లక్షలమందిని తరిమారు. 1939 సెప్టెంబరులో పోలండ్‌ను ఆక్రమించిన నాలుగు వారాల్లో సుమారు 20 లక్షలమంది యూదులు జర్మనీ చేతికిందికి వచ్చారు. "సమస్య పరిష్కారం" కోసం యుద్ధం చేస్తూ అదే సమస్యను ఐదింతలు చేసుకున్నారు. ఈ వింత లెక్క 1941 దాకా వాళ్లను వెంటాడింది.

సెప్టెంబరు 21న భద్రతా పోలీసు అధిపతి హైడ్రిచ్ పంపిన ఆదేశం చదివితే అప్పటి ఆలోచన తెలుస్తుంది. పల్లెల్లోని యూదులను పట్టణాలకు చేర్చాలి, ఆ పట్టణాలు రైలు మార్గంమీద ఉండాలి. ఒక్కోచోట 24 మందికి మించని యూదు పెద్దల మండలి వేయాలి, ఆదేశాల అమలుకు ఆ మండలిదే పూర్తి బాధ్యత. రైలు మార్గం అన్నది చూసి "చంపే ప్లాన్ అప్పుడే ఉంది" అని చాలామంది అనేస్తారు. అప్పటి ఉద్దేశం ఇంకా తూర్పుకు తోసేయడమే. అక్టోబరులో పోలండ్‌లోని నిస్కో అనే చోటికి కొన్ని రైళ్లు పంపారు, కొద్ది వారాల్లోనే ఆపేశారు. 1940 వేసవిలో ఫ్రాన్స్ ఓడిపోగానే దాని వలస దీవి మడగాస్కర్‌కు 40 లక్షలమందిని ఓడల్లో పంపాలని విదేశాంగ శాఖ, ఐఖ్‌మన్ కార్యాలయం పోటీపడి ప్రణాళికలు రాశాయి. బ్రిటన్ లొంగలేదు, సముద్రం జర్మనీ చేతికి రాలేదు, ఫైలు మూలపడింది.

గెట్టోలు, అంటే యూదులను కుక్కి మూసేసిన పేటలు, ఈ మధ్యకాలం సరుకు. పంపేదాకా ఉంచే చోటు అనుకుని కట్టారు. పోలండ్‌లోని లోడ్జ్‌లో 1940 ఏప్రిల్ ఆఖరున సుమారు 1,60,000 మందిని లోపల పెట్టి మూసేశారు. వార్సా గెట్టో నవంబరులో మూసుకుంది. నగరంలో మూడోవంతు జనం, స్థలం రెండున్నర శాతం. నాలుగు లక్షలకు పైగా మనుషులకు అధికారికంగా ఇచ్చే తిండి రోజుకు 200 కేలరీలు కూడా ఉండేది కాదు. టైఫస్ రాకుండా ఎలా ఉంటుంది? ఆకలి, రోగాలతో 1942 మధ్యకల్లా వార్సాలోనే సుమారు 83,000 మంది పోయారు. యూదులు రోగాలు వ్యాపింపజేస్తారు అన్న పోస్టర్లు గోడలకెక్కింది కూడా అప్పుడే. తామే తయారుచేసిన పరిస్థితిని చూపించి తమ మాట రుజువైందన్నారు.

ఇక్కడొక కాగితం తప్పక చెప్పాలి. 1941 జులై 16న పోజ్నాన్ నుంచి హోప్నర్ అనే ఎస్.ఎస్. అధికారి ఐఖ్‌మన్‌కు లేఖ రాశాడు. ఈ చలికాలం యూదులందరికీ తిండి పెట్టలేకపోవచ్చు. పని చేయలేనివాళ్లను త్వరగా పనిచేసే ఏదో ఒక సాధనంతో ముగించేయడమే అన్నిటికంటే మానవీయమైన మార్గమేమో ఆలోచించాలి అన్నది సారాంశం. ఇవి వింతగా అనిపించొచ్చు గానీ నా ఉద్దేశంలో చేయదగినవే అని కూడా జోడించాడు. ఇది బెర్లిన్ నుంచి కిందికి దిగిన ఆదేశం కాదు, కింది నుంచి పైకి వెళ్లిన సలహా. పైవాళ్ల మనసు కనిపెట్టి అంతకంటే ఒక అడుగు ముందుకేస్తే మెప్పు వస్తుందని కింది అధికారికి తెలుసు.

చంపే విద్య అప్పటికే మరోచోట నేర్చుకున్నారు

"త్వరగా పనిచేసే సాధనం" గాలిలోంచి ఊడిపడలేదు. 1939 అక్టోబరులో హిట్లర్ ఒక చీటీపై సంతకం చేశాడు, యుద్ధం మొదలైన సెప్టెంబరు 1 తేదీ వేసి. నయంకాని రోగులకు "దయతో మరణం" ఇవ్వడానికి వైద్యులకు అధికారం. బెర్లిన్‌లో టియర్‌గార్టెన్ వీధి 4వ నంబరు ఇంట్లో ఆఫీసు, అందుకే టీ4 అన్న పేరు. ఆసుపత్రులు రోగుల వివరాలు ఫారాల్లో నింపి పంపాలి. ముగ్గురు వైద్యులు రోగిని చూడకుండానే ఫారంమీద గుర్తు పెడతారు: ఎర్ర కూడిక గుర్తు చావుకు, నీలం తీసివేత గుర్తు బతుక్కి. స్నానాల గదిలా కట్టిన గదిలోకి సిలిండర్ల నుంచి కార్బన్ మోనాక్సైడ్. ఆరు కేంద్రాలు. ఇంటికి దొంగ కారణంతో మరణ ధ్రువపత్రం. 1941 ఆగస్టు వరకు వాళ్ల సొంత లెక్కే 70,273.

జనానికి పొక్కింది. బిషప్ గాలెన్ ఆగస్టు 3న చర్చిలో బాహాటంగా ఖండించాడు, ఆ నెల 24న హిట్లర్ ఆపమన్నాడు. గ్యాస్ ఆగింది, ఆసుపత్రుల్లో మందులతో, ఆకలితో చంపడం చాటుగా సాగింది. మన విషయానికి ముఖ్యమైందేమిటంటే, పని లేకుండా మిగిలిన ఆ సిబ్బందిలో సుమారు వందమందిని కొద్ది నెలల్లో పోలండ్‌కు పంపారు. తర్వాత అక్కడ కట్టిన చంపే కేంద్రాల్లో బెల్జెక్ మొదటి కమాండెంట్ విర్త్, సోబిబోర్, ట్రెబ్లింకా నడిపిన స్టాంగల్ టీ4 నుంచి వచ్చినవాళ్లే.

1941 జూన్ నుంచి డిసెంబరు

జూన్ 22న సోవియట్ యూనియన్‌పై దాడి. సైన్యం వెనకాల నాలుగు ఐన్‌సాట్స్‌గ్రుప్పెన్, అంటే ప్రత్యేక దళాలు, మొత్తం కలిపి 3,000 మంది. జులై 2న హైడ్రిచ్ లిఖితపూర్వకంగా చంపమన్న జాబితాలో కమ్యూనిస్టు నాయకులు, "పార్టీలో, ప్రభుత్వ పదవుల్లో ఉన్న యూదులు" ఉన్నారు. అమల్లో అది మొదటి రోజు నుంచే యువకులైన యూదు మగవాళ్లందరికీ పాకింది. ఆగస్టు మధ్యకు ఆడవాళ్లు, పిల్లలు కూడా.

ఈ మార్పు కళ్లకు కట్టేది యేగర్ నివేదిక. లిథువేనియాలో ఒక ఉపదళం నాయకుడు డిసెంబరు 1న పంపిన లెక్కల పట్టిక అది. తేదీ, ఊరు, సంఖ్య. జులైలో వరసలన్నీ ఇంచుమించు మగవాళ్లే: ఫలానా ఊళ్లో ఇంతమంది యూదులు, ఇంతమంది కమ్యూనిస్టులు. ఆగస్టు 15 దాటాక పట్టికలో యూదులు, యూదు స్త్రీలు, యూదు పిల్లలు అని మూడు అంకెలు పక్కపక్కన రావడం మొదలైంది. సంఖ్యలు వందల నుంచి వేలకు దూకాయి. చివర మొత్తం 1,37,346. పనికోసం ఉంచిన సుమారు 34,500 మంది, వాళ్ల కుటుంబాలు తప్ప లిథువేనియాలో ఇక యూదులు లేరని రాశాడు. గోతుల దగ్గరికి సగటున 4-5 కిలోమీటర్లు నడిపించాల్సి రావడం, 500 మంది చొప్పున గుంపులు చేయడం గురించి ఇంజనీరు సైటు రిపోర్టు రాసినట్టు రాశాడు. ఈ పనిలో స్థానిక లిథువేనియన్ల పాత్ర పెద్దది. ఆ పట్టిక దాన్నీ దాచలేదు.

ఎందుకు పాకింది? ఒకటి, ఆ జులైలో యుద్ధం నెగ్గేశాం అన్న ధీమా. రెండు, ఎస్.ఎస్. అధిపతి హిమ్లర్ స్వయంగా తిరుగుతూ అదనపు ఎస్.ఎస్. బ్రిగేడ్లను, పోలీసు బెటాలియన్లను దింపాడు. మూడువేల మంది చేయలేని పనికి మనుషులు దొరికారు. మూడోది మనం ఇందాకటి నుంచీ చూస్తున్నదే, సమస్యను తయారుచేసి "పరిష్కరించడం". పశ్చిమ ఉక్రెయిన్‌లోని కామియానెట్స్-పొడిల్‌స్కీ సంగతి చూడండి. హంగరీ తన పౌరసత్వం లేని యూదులను వేల సంఖ్యలో తెచ్చి అక్కడ వదిలేసింది. ఇంతమందికి తిండి ఎక్కడ తేవాలని జర్మన్ సైనిక పాలన గోల పెట్టింది. సెప్టెంబరు 1కల్లా తేల్చేస్తానని ఎస్.ఎస్. అధికారి యెకెల్న్ హామీ ఇచ్చాడు. ఆగస్టు 26-28 మధ్య 23,600 మందిని కాల్చి చంపారు. నెల తిరిగాక సెప్టెంబరు 29-30 తేదీల్లో కీవ్ శివార్లలోని బాబిన్ యార్ లోయలో 33,771.

కాల్చేవాళ్ల నరాలు తట్టుకోలేకపోతున్నాయన్న ఫిర్యాదులు వచ్చాయి. చచ్చేవాళ్ల గురించి కాదు, గమనించండి. ఆగస్టు 15న మిన్స్క్ దగ్గర హిమ్లర్ ఒక కాల్చివేత చూశాడు. అక్కడి నుంచి ఇంకో పద్ధతి కోసం వెతుకులాట ఊపందుకుంది. సెప్టెంబరులో పోలండ్‌లోని ఆష్విట్జ్ శిబిరంలో సోవియట్ ఖైదీలపై, రోగులపై పురుగుల మందు జైక్లాన్-బి ప్రయోగించారు. పొగగొట్టాన్ని పెట్టెలోకి తిప్పిన లారీలు తయారయ్యాయి. నవంబరులో బెల్జెక్ నిర్మాణం మొదలైంది. డిసెంబరు 8న పోలండ్‌లోని చెల్మ్నోలో ఆ లారీలతో చంపడం మొదలైంది.

అదే సమయంలో జర్మనీలో సెప్టెంబరు 19 నుంచి యూదుల బట్టలపై పసుపు నక్షత్రం, అక్టోబరు 15 నుంచి తూర్పుకు రైళ్లు, అక్టోబరు 23న వలసలపై పూర్తి నిషేధం. నవంబరు 25 ఉత్తర్వు ఇంకా తెలివైనది: దేశం బయట నివసించే యూదుడికి పౌరసత్వం పోతుంది, ఆస్తి ప్రభుత్వానికి చెందుతుంది. రైలెక్కించి సరిహద్దు దాటించేది వాళ్లే, దాటాడు కాబట్టి ఆస్తి మాది అనేదీ వాళ్లే. కోర్టు తీర్పు అక్కర్లేదు.

అయినా నవంబరు ఆఖరుకు కూడా విధానం ఒక్క గాటన పడలేదు. బెర్లిన్ నుంచి లాత్వియాలోని రీగాకు వెయ్యిమందికి పైగా యూదులతో ఒక రైలు వెళ్లింది. నవంబరు 30న హిమ్లర్ ఫోన్ డైరీలో "బెర్లిన్ యూదు రవాణా. చంపవద్దు" అని ఉంది. ఆ కబురు చేరేసరికే, ఆ ఉదయం రుంబులా అడవిలో వాళ్లందరినీ కాల్చేశారు. జర్మన్ యూదులను ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు, కింది అధికారి తేల్చేశాడు. డిసెంబరు 12న హిట్లర్ పార్టీ ప్రాంతీయ నాయకులతో మాట్లాడాడు. యూదుల నిర్మూలన ఇక తప్పదన్న ఆయన మాటలు ప్రచార మంత్రి గోబెల్స్ డైరీలో ఉన్నాయి. నాలుగు రోజుల తర్వాత పోలండ్‌లో పాలకుడు ఫ్రాంక్ తన అధికారులకు చెప్పాడు: ఈ 35 లక్షలమందిని కాల్చలేం, విషం పెట్టలేం, అయినా ఎలాగోలా నిర్మూలనకు దారితీసే చర్యలు తీసుకుంటాం.

హిట్లర్ సంతకంతో "యూరప్ యూదులందరినీ చంపండి" అన్న ఉత్తర్వు దొరకలేదు. టీ4 వ్యవహారం బయటపడి తలనొప్పి తెచ్చాక అలాంటి కాగితం మళ్లీ పెట్టకపోవడంలో వింత లేదు. నిర్ణయం వేసవిలోనా, అక్టోబరులోనా, డిసెంబరులోనా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటారు. నా ఉద్దేశంలో ఒక్క తేదీ కోసం వెతకడం దండగ. సోవియట్ యూదులపై ఆగస్టుకే, మిగతా యూరప్‌పై శీతాకాలానికి నిర్ణయం గట్టిపడింది.

వాన్సే గురించి ఒక సవరణ

"1942 జనవరి 20న బెర్లిన్ శివారు వాన్సేలో జరిగిన సమావేశంలో యూదులను చంపాలన్న నిర్ణయం తీసుకున్నారు" అని పాఠ్యపుస్తకాల్లో కూడా కనిపిస్తుంది. సరికాదు. అప్పటికే లక్షలమంది చనిపోయారు, చెల్మ్నో నడుస్తోంది. పదిహేనుమంది సుమారు గంటన్నర కూర్చున్నది శాఖల మధ్య సమన్వయానికి, ఈ పనికి పెద్ద హైడ్రిచ్ అని అందరిచేతా ఒప్పించడానికి. ఐఖ్‌మన్ రాసిన నివేదికలో దేశాలవారీ పట్టిక ఉంది, మొత్తం 1 కోటి 10 లక్షలు. జర్మనీ చేతిలో లేని ఇంగ్లండ్ 3,30,000, ఐర్లండ్ 4,000 కూడా అందులో ఉన్నాయి. నివేదికలో గణనీయమైన భాగం మిశ్రమాలను, మిశ్రమ వివాహాలను ఏం చేయాలన్న చర్చకే పోయింది. ఆ చర్చలో స్టుకార్ట్ ఉన్నాడు, 1935 నిర్వచనం ముడి ఏడేళ్లకూ విడలేదు.

ఆ తర్వాత వేగం నమ్మశక్యం కాదు. మార్చిలో బెల్జెక్, మేలో సోబిబోర్, జులై 23న ట్రెబ్లింకా. ఒక్కో కేంద్రంలో 20-35 మంది జర్మన్లు, వందమంది అటూఇటూ ఉక్రెయిన్ తదితర ప్రాంతాల కాపలాదారులు. వార్సా నుంచి రెండు నెలల్లో 2,65,000 మందిని ట్రెబ్లింకాకు పంపారు. ఈ చర్యలో ముఖ్యుడైన హోఫ్ల పంపిన తంతి ప్రకారం 1942 డిసెంబరు 31 నాటికి మొత్తం 12,74,166. 1942 మార్చి మధ్యలో, చివరికి చనిపోయినవారిలో 75-80 శాతం ఇంకా బతికే ఉన్నారు. పదకొండు నెలల తర్వాత ఆ నిష్పత్తి తిరగబడింది.

రైల్వే దీన్ని మామూలు ప్రత్యేక రైలు లెక్కలోనే చూసింది. మూడో తరగతి ఛార్జీ, కిలోమీటరుకు 4 ఫెన్నిగ్‌లు (మార్కులో నూరోవంతు ఒక ఫెన్నిగ్), వెళ్లడానికి మాత్రమే. పదేళ్లలోపు పిల్లలకు సగం, నాలుగేళ్లలోపు ఉచితం. 400 మందికి పైగా ఉంటే గుంపు రాయితీ. బిల్లు ఎస్.ఎస్.కు వెళ్లేది. టైంటేబుల్ వేసే గుమస్తాకు తను హంతకుడినన్న ఆలోచన రావాల్సిన చోటు ఆ కాగితంలో ఎక్కడా లేదు. మీ మూడో ప్రశ్నకు జవాబులో సగం ఇదే.

మిగతా సగం తుపాకి పట్టుకున్నవాళ్ల గురించి. కాదంటే చంపేసేవాళ్లు కాబట్టి చేశారు అన్నది నిలబడదు. 1942 జులై 13న పోలండ్‌లోని యూజెఫుఫ్‌లో హాంబర్గ్ రిజర్వు పోలీసు బెటాలియన్ 101 కమాండర్ ట్రాప్, చేయలేమన్న పెద్దవయసువాళ్లు పక్కకు రావచ్చని తెల్లారుజామునే చెప్పాడు. సుమారు 500 మందిలో ముందుకొచ్చింది పన్నెండుమంది. వాళ్లకేమీ కాలేదు. పొద్దెక్కాక ఇంకొందరు తప్పుకున్నారు, ఎక్కువమంది తప్పుకోలేదు. సాయంత్రానికి సుమారు 1,500 మంది చనిపోయారు. యుద్ధం తర్వాత దశాబ్దాల విచారణల్లో, నిరాయుధులను చంపనన్నందుకు మరణశిక్ష పడిన కేసు ఒక్కటి కూడా నిందితుల న్యాయవాదులు చూపలేకపోయారు. తోటివాళ్ల ముందు పిరికివాడు అనిపించుకోవడం, ప్రమోషన్, తాగుడు, ఏళ్ల ప్రచారం, ఇవి చాలాయి.

ఎక్కడ ఆగింది, ఎక్కడ ఆగలేదు

మొత్తం 60 లక్షలమందిలో సుమారు 27 లక్షలు గ్యాస్ కేంద్రాల్లో, 15 నుంచి 20 లక్షలు కాల్పుల్లో, మిగతావాళ్లు గెట్టోల్లో, శిబిరాల్లో, ప్రయాణాల్లో పోయారు. సగంమంది పోలండ్ యూదులే. దేశదేశానికీ తేడా మాత్రం చాలా ఉంది. నెదర్లాండ్స్‌లో జనాభా రిజిస్టరు అతి పక్కా. 1941 జనవరిలో నమోదు చేసుకోమంటే చేసుకున్నారు. 1,40,000 మందిలో 1,02,000 మంది పోయారు. డెన్మార్క్‌లో 1943 అక్టోబరులో జర్మన్ దౌత్యాధికారి ముందే చెప్పడంతో 7,200 మందిని పడవల్లో స్వీడన్ చేర్చారు. బల్గేరియా పార్లమెంటు ఉపసభాపతి పెషెవ్, చర్చి పెద్దలు అడ్డుపడటంతో దేశంలోని 48,000 మంది మిగిలారు. అదే బల్గేరియా తాను ఆక్రమించిన థ్రేస్, మాసిడోనియాల నుంచి 11,343 మందిని అప్పగించింది. రుమేనియాది మరీ విడ్డూరం. సొంత సైన్యంతో, జెండార్మ్‌లతో (సాయుధ పోలీసులు) లక్షలమందిని చంపిన అక్కడి పాలకుడు ఆంటొనెస్కు 1942 శరత్కాలంలో మిగిలినవాళ్లను బెల్జెక్‌కు పంపనన్నాడు. జర్మనీ గెలుస్తుందన్న నమ్మకం సడలిందన్నది ఒక కారణం.

మెట్లన్నీ ముందే కట్టి ఉంటే చివరి మెట్టుకు ఎంతకాలం పడుతుందో హంగరీ చెప్తుంది. 1938, 1939, 1941ల్లో హంగరీయే సొంతంగా యూదు వ్యతిరేక చట్టాలు చేసుకుంది. 1944 మార్చి 19న జర్మన్ సైన్యం వచ్చింది. ఏప్రిల్ 5న నక్షత్రం, ఏప్రిల్ 16 నుంచి గెట్టోలు, మే 15 నుంచి రైళ్లు. ఐఖ్‌మన్ వెంట వచ్చినవాళ్లు కొద్దిమందే, పనంతా హంగరీ జెండార్మ్‌లది, జిల్లా కచేరీలది. ఎనిమిది వారాల్లో 147 రైళ్లు, దాదాపు 4,37,000 మంది, ఎక్కువమంది ఆష్విట్జ్‌లో దిగిన రోజునే చనిపోయారు. ఎర్రసైన్యం దగ్గరికొచ్చింది, నార్మండీలో మిత్రసేనలు దిగాయి, పోప్, స్వీడన్ రాజు, రూజ్వెల్ట్ ఒత్తిడి తెచ్చారు. జులై మొదటి వారంలో హంగరీ పాలకుడు హోర్తీ ఆపమన్నాడు, 9వ తేదీకి రైళ్లు ఆగాయి. అప్పటికి సుమారు రెండు లక్షలమంది యూదులు బుడాపెస్ట్‌లో మిగిలే ఉన్నారు.